రోజూ వాకింగ్ చేస్తున్నా తొడలు సన్నబడిపోతున్నాయి, 60 దాటాక పోయిన కండ మళ్ళీ వస్తుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివా. మీది కావలి, మీ నాయనకి 67, టీచర్‌గా చేసి రిటైరయ్యారు, షుగర్ ఉంది గానీ మాత్రలతో కంట్రోల్లోనే ఉంది, రోజూ పొద్దున ముప్పావు గంట గ్రౌండ్‌లో నడుస్తారు, అయినా ఏడాదిన్నరగా తొడలు, పిక్కలు సన్నబడిపోయాయి, పొట్ట మాత్రం అట్టే ఉంది, పూజకి కింద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తోంది. డాక్టర్‌ని అడిగితే వయసు కదండీ అన్నారు. మీరు అడిగింది రెండు ముక్కలు: పోయిన కండ మళ్ళీ వస్తుందా, ప్రోటీన్ పౌడర్ ఏది కొనాల.

వస్తుంది. మొత్తం ముప్పై ఏళ్ళప్పటి కండ రాదు గానీ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కింద నుంచి లేచేంత బలం మాత్రం ఖాయంగా వస్తుంది, 67 అనేది ఈ విషయంలో పెద్ద వయసే కాదు. పౌడర్ సంగతి చివర్లో చెప్తా, ఎందుకంటే అది చివర్లో రావాల్సిన సంగతే.

వాకింగ్‌తో కండ రాదు. బరువు మీద పని చేయించాల, ఆ బరువు నెలనెలా పెరగాల. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా వివరమే.

నేను నెల్లూరులో ఫిజియోథెరపీ చేస్తా ఉన్నా, ఇరవై రెండేళ్ళయింది. నా దగ్గరికి మోకాళ్ళ నొప్పులని, నడుం నొప్పులని వచ్చే పెద్దవాళ్ళలో సగం మందికి అసలు జబ్బు ఇదే, నొప్పి పైకి కనిపిస్తుంది, కండ కరిగింది కనిపించదు. దీన్ని సార్కోపీనియా అంటారు. 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే అమెరికా డాక్టర్ గ్రీకు మాటల్లోంచి తీసి పెట్టిన పేరు, మాంసం తరిగిపోవడం అని అర్థం. జబ్బుగా లెక్కేసి అమెరికాలో దీనికంటూ కోడ్ నంబరు ఇచ్చింది 2016లో. అంటే మీ డాక్టర్ గారు చదువుకున్న రోజుల్లో ఇది పుస్తకంలోనే ఉండి ఉండదు, ఆయన్ని తప్పు పట్టబాకండి.

ఇప్పుడు వాకింగ్ ఎందుకు చాలదో చెప్తా. మన కండలో పోగులు రెండు రకాలు. ఒకటి నిదానంగా పనిచేసేవి, గంటలు గంటలు అలవకుండా నడిపిస్తాయి. రెండోవి లావుగా, జోరుగా పనిచేసేవి, బిందె ఎత్తేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు, కాలు జారినప్పుడు ఠక్కున నిలదొక్కుకునేటప్పుడు పనికొచ్చేవి. వయసుతో ముందు కరిగేది ఈ రెండో రకం. వెన్నుపాములోంచి వాటికి కరెంటు ఇచ్చే నరాలు కూడా కొన్ని చచ్చిపోతా ఉంటాయి. శరీరం చాలా పిసినారిది, చిన్న పనికి చిన్న పోగుల్నే వాడుతుంది, బరువు పడితేనే పెద్దవాటిని నిద్ర లేపుతుంది. చదునైన గ్రౌండ్‌లో మీ నాయన పదేళ్ళు నడిచినా ఆ పెద్ద పోగులకి పనే తగలదు. పని లేనిదాన్ని శరీరం ఊరికే మేపదు. నడక మానెయ్యమని కాదు, గుండెకి, షుగర్‌కి, మనసుకి అది కావాల్సిందే, కానీ తొడ కండ ఆ ఖాతాలో లేదు.

ముప్పై దాటిన దగ్గర్నుంచే పదేళ్ళకి నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల దాకా కండ తగ్గుతా వస్తుందని చెప్తారు, అరవై తర్వాత ఇంకా జోరుగా పోతుంది. బలం మాత్రం కండ కంటే ముందే, ఎక్కువగా పోతుంది. అందుకే కొంతమంది చూడ్డానికి దిట్టంగానే ఉంటారు, బస్సు మెట్టు ఎక్కేటప్పుడు తెలిసిపోతుంది.

మాది కందుకూరు పక్కన పల్లె. మా తాత గిత్తల్ని సాకేవాడు, తిరునాళ్ళలో బండలాగుడు పోటీలకి తోలకపోయేవాడు. మీకూ తెలిసే ఉంటది, పాలపళ్ళ గిత్తకి ఒక బండ, రెండు పళ్ళకి ఇంకొంచెం పెద్దది, ఆరు పళ్ళు వేసినాక ఇంకా పెద్దది, అట్టా పెంచుకుంటా పోతారు. ఒక ఏడు మా తాత కాలు విరిగి మంచాన పడ్డాడు, మూడు నెలలు గిత్తల్ని ఎవరూ బండకి కట్టలా, కొట్టంలోనే కట్టేసి ఉడకేసిన ఉలవలు, పత్తి గింజలు మాత్రం తక్కువ కాకుండా పెట్టారు. చూడ్డానికి నిగనిగలాడతా ఉన్నాయి. ఆ ఏడు పోటీలో సగం దూరానికే రొప్పుతా నిలబడిపోయినాయి. మా తాత ఏమీ అన్లా, ఇంటికొచ్చి "తప్పు గొడ్డుది కాదు, కొట్టానిది" అన్నాడంట. పౌడర్ కొనే ముందు నాకు ఈ మాట గుర్తొస్తది.

ఇది మా తాత మాట ఒక్కటే కాదు. 1990లో మారియా ఫియాటరోన్ అనే డాక్టర్ బోస్టన్‌లో ఒక వృద్ధుల హోంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వాళ్ళ చేత, సరిగ్గా చదివారా, తొంభై ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళకి గట్టి బరువులు ఎత్తించింది. పది మంది మొదలుపెట్టి తొమ్మిది మంది పూర్తి చేశారు, తొడ బలం సగటున నూటికి 174 వంతులు పెరిగింది, అంటే రెండున్నర రెట్లకి పైమాటే. కండ సైజు పెరిగింది మాత్రం నూటికి తొమ్మిది వంతులే. ఇద్దరు చేతికర్ర కూడా పక్కన పెట్టేశారు. నాలుగేళ్ళకి అంటే 1994లో అదే డాక్టర్ వంద మందితో పెద్దగా చేసింది, ఈసారి కొంతమందికి వ్యాయామం, కొంతమందికి బలం డ్రింకు, కొంతమందికి రెండూ, కొంతమందికి రెండూ లేవు. వ్యాయామం లేకుండా బలం డ్రింకు ఒక్కటే తాగినవాళ్ళకి ఏమీ రాలా. మా తాత గిత్తల కథే.

సరే, ముందు మీ నాయన ఎక్కడ ఉన్నారో చూసుకోండి. ఖర్చు లేని పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించండి, ప్లాస్టిక్ కుర్చీ వద్దు, వంగిపోతుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి పూర్తిగా కూర్చోమనండి, ఫోన్లో టైమ్ పెట్టండి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే మన ఆసియా దేశాల లెక్క ప్రకారం బలం తగ్గినట్టే. ఇంకోటి పిక్క చుట్టుకొలత, కుర్చీలో కూర్చోబెట్టి పిక్క లావుగా ఉన్నచోట దర్జీ టేపు పెట్టండి, మగవాళ్ళకి 34 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 33 కంటే తగ్గితే అనుమానించాల. టేపు లేకపోతే ఆయన రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడు వేళ్ళు కలిపి పిక్క చుట్టూ ఉంగరం లాగా పట్టుకోమనండి, ఇంకా సందు మిగిలితే కండ తగ్గినట్టు.

సెకన్ల కంటే ముందు ఎట్టా లేస్తున్నారో చూడండి. నేను క్లినిక్‌లో తలుపు తెరిచి పేరు పిలిచి, వాళ్ళు లోపలికొచ్చేదాకా ఆగను, బెంచీ మీంచి లేచేటప్పుడే చూస్తా. ముందు రెండు చేతులూ తొడల మీద ఆనతాయి, తర్వాత ఒళ్ళు ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఊగుతుంది, మూడో ఊపుకి పిర్రలు గాల్లోకి లేస్తాయి, లేచినాక ఒక్క క్షణం అక్కడే నిలబడి ఊపిరి తీసుకుంటారు, అప్పుడు మొదటి అడుగు. ఇంట్లోవాళ్ళు దీన్ని రోజూ చూస్తానే ఉంటారు, కానీ గమనించరు, నెమ్మదిగా వచ్చింది కదా. మీరు గమనించారు, అది మంచి సంగతి.

ఇక చేయించాల్సింది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒకరోజు గ్యాపు. రోజూ చేస్తే రెండింతలు వస్తుందని అనుకోబాకండి, కండ పెరిగేది రెస్టులోనే. నేను చెప్పేవి ఐదే, మొదటిదాన్ని మాత్రం దేనికోసమూ వదలొద్దు.

మొదటిది కుర్చీలోంచి లేవడం. పరీక్షా అదే, మందూ అదే. చేతులు వాడకుండా లేవలేకపోతే కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచండి. లేచేటప్పుడు జోరుగా, కూర్చునేటప్పుడు ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటా నిదానంగా, దబ్బున కూలబడకూడదు. కండకి సగం పని ఆ దిగేటప్పుడే. ఎనిమిది నుంచి పన్నెండు సార్లు చేసి రెండు నిమిషాలు కూర్చోవాల, అట్టా మూడు విడతలు. ఎంత కష్టంగా ఉండాల అంటే, పన్నెండోసారి అయినాక "ఇంకో రెండు చెయ్యగలను, మూడు మాత్రం నా వల్ల కాదు" అనిపించాల. ఇంకో పది తేలిగ్గా చేస్తా అంటే అది వ్యాయామం కాదు, కాలక్షేపం. అప్పుడు ఒక దిండు తీసెయ్యండి, తర్వాత రెండోది, తర్వాత బరువు.

బరువు అంటే డంబెల్స్ కొనక్కర్లా. కోవూరు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చేది, 71 ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయని ఎవరో చెప్తే రెండేళ్ళు ఇల్లు కదలకుండా కూర్చుంది. మొదటిరోజు రెండు దిండ్లు వేసినా నా చెయ్యి పట్టుకునే లేచింది. నెలకి దిండ్లు పోయినాయి. తర్వాత మనవడి స్కూల్ బ్యాగు ఛాతీకి హత్తుకుని అందులో కిలో బియ్యం ప్యాకెట్ వేయించా. పదిహేను రోజులకి ఒక కిలో చొప్పున పెంచుకుంటా పోయాం. ఐదో నెల్లో ఒకరోజు వచ్చి బ్యాగు నా టేబుల్ మీద పెట్టింది, తూకం వేస్తే ఏడు కిలోలు. "ఏందమ్మా, నేను ఐదు కదా చెప్పింది" అంటే, "ఐదు బరువే తెలీడంలా నాయనా, మా కోడలు రెండు కందిపప్పు కూడా వేసింది" అనింది. మోకాలి నొప్పి పోయిందా అంటే పూర్తిగా పోలా, అరుగుదల అరుగుదలే, కానీ తొడ కండ బిగిసినాక మోకాలి మీద పడే దెబ్బ తగ్గింది, ఆ తేడా ఆమెకే తెలిసింది.

రెండోది వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, పిక్కలకి. రెండు కాళ్ళతో ఇరవై తేలిగ్గా వస్తే ఒంటికాలితో. మూడోది గోడకి దండాలు, గోడ మీద చేతులు పెట్టి వంగి నెట్టడం, అది తేలికైతే గట్టు మీద. నాలుగోది లాగడం, కిటికీ చువ్వకి రబ్బరు బ్యాండ్ కట్టి పొట్ట దాకా లాక్కోవడం, బ్యాండ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఐదోది రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని హాల్లో ఆ చివరికీ ఈ చివరికీ నడవడం, మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చుకున్నట్టే. పిడికిలి బలం దీనితో వస్తుంది. ఇవి కాకుండా బ్యాలెన్సు కోసం పళ్ళు తోముకునేటప్పుడు వాష్‌బేసిన్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమనండి, అంతే, దానికి వేరే టైమ్ వద్దు.

ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు. లేచేటప్పుడు గాలి వదలాల, లేకపోతే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. లెక్క పైకి పెట్టమనండి, మాట్లాడతా ఉంటే ఊపిరి బిగబట్టలేరు, నేను అందరికీ చెప్పే చిట్కా ఇదే.

మరుసటి రోజు, రెండో రోజు తొడలు పీకుతాయి. అది మంచి నొప్పే, మూడో రోజుకి పోతుంది. కీలు లోపల పొడిచినట్టు ఉన్నా, వాచినా, చేస్తున్నప్పుడే నొప్పి పెరుగుతా పోయినా అది వేరే. ఇంట్లో వాళ్ళు ఈ తేడా తెలీక మొదటి వారంలోనే ఆపేయిస్తారు. "పెద్దాయనకి ఎందుకు సార్ ఈ బరువులు, ఏదన్నా అయితే?" అంటారు. నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ అంతే. మొదటి ఏడెనిమిదేళ్ళు పెద్దవాళ్ళొస్తే కాపడం, కరెంటు పెట్టడం, పడుకోబెట్టి కాలు పదిసార్లు ఎత్తించడం, అంతకుమించి ధైర్యం చెయ్యలా. ఒకాయన నా దగ్గరికే ఆర్నెల్లు వచ్చి, నేను చెప్పినవన్నీ చేసి, బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. జారడం అందరూ జారతారు, నిలదొక్కుకునే బలం నేను ఆయనకి ఇవ్వలా. అది నా తప్పే, ఇంకెవరిదీ కాదు.

తిండి. ఇక్కడ మన నెల్లూరోళ్ళకి ఒక భ్రమ ఉంది, చేపలు తినే ఊరు కదా మనకి ప్రోటీన్‌కి కరువేంది అని. ఆ పెద్దావిడనే అడిగా, అమ్మా చేపల పులుసు ఎన్ని రోజులు వండుతారు అంటే వారానికి మూడు రోజులు అనింది. ఎన్ని ముక్కలు తింటావంటే నవ్వింది. ముక్కలు కొడుక్కీ మనవళ్ళకీ, ఆమె తినేది మామిడికాయ ముక్క, పులుసు కలిపిన అన్నం, ఎప్పుడన్నా తలకాయ. పులుసులో రుచి ఉంటుంది, ప్రోటీన్ ముక్కలో ఉంటుంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అందరి తర్వాత తినడం వల్ల పోయిన కండ ఎంతో ఎవరూ కొలవలా.

లెక్క ఇది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పింది కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్. అరవై దాటినవాళ్ళకి అది చాలదని, 1 నుంచి 1.2 గ్రాములు కావాలని ఈ రంగంలో నిపుణులు చెప్తున్నారు. ఎందుకంటే వయసు మీదపడినాక కండకి చెవుడు వస్తుంది, తక్కువ ప్రోటీన్ వస్తే పట్టించుకోదు, ఒకేసారి గట్టిగా పాతిక ముప్పై గ్రాములు వస్తేనే కదులుతుంది. కాబట్టి రాత్రి ఒక్కపూట చికెన్ తిని సరిపెట్టుకోవడం కాదు, మూడు పూటలా పంచాల.

మన పొద్దుటి పూటే పెద్ద కంత. రెండు ఇడ్లీ చట్నీ, లేకపోతే కారం దోశ, ఐదారు గ్రాములు దాటదు. రాగి జావ తాగితే బలం అంటారు, మంచిదే, కాల్షియం ఉంది, కానీ గ్లాసు జావలో పడేది రెండు స్పూన్ల పిండి, ప్రోటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. మీ నాయన 60 కిలోలు అనుకుంటే రోజుకి 70 గ్రాముల పైచిలుకు కావాల. పొద్దున రెండు గుడ్లు 12, ఒక పెసరట్టు 9, గ్లాసు పాలు 6. మధ్యాహ్నం గట్టి పప్పు, అంటే మనిషికి 40 గ్రాముల కందిపప్పు పడాల, అది 9, కప్పు పెరుగు 6, అన్నంలో 7. సాయంత్రం గుప్పెడు శనగ గుగ్గిళ్ళు 6. రాత్రి వంద గ్రాముల చేప ముక్కలు 20. ఇది 75 అయింది, ఏ డబ్బా కొనకుండా. మధ్యాహ్నం పూట ఇంకా పాతిక చేరలా, అక్కడ కూడా ఒక గుడ్డు పెడితే చేరుతుంది. నీళ్ళ పప్పుచారు పప్పు లెక్కలోకి రాదు. శనివారం, సోమవారం నీసు తినరంటే ఆరోజు మీల్ మేకర్ వండండి, ఎండువి 40 గ్రాములు వేస్తే 20 గ్రాములు వస్తుంది, నేను చూసినంతలో శాకాహారంలో ఇంత చవకది ఇంకోటి లేదు. అన్నం కొంచెం తగ్గి వీటికి చోటిస్తే షుగర్‌కీ మేలే.

పౌడర్ సంగతి. పళ్ళు లేక నమల్లేనివాళ్ళకి, ఆకలి చచ్చినవాళ్ళకి, ఆపరేషన్ అయి కోలుకునేవాళ్ళకి వే పౌడర్, అంటే పాల విరుగుడు నీళ్ళలోంచి తీసే ప్రోటీన్ పొడి, డబ్బాలో వచ్చే చెంచాతో ఒక కొలత పనికొస్తుంది, ఇరవై పైన గ్రాములు ఒకేసారి పోతుంది. మిగతావాళ్ళకి అవసరం లేదు. టీవీలో పెద్దవాళ్ళ బలానికని చూపించే డబ్బాల్లో చాలావాటిలో చక్కెర ఎంతుందో, ప్రోటీన్ ఎంతుందో వెనకాల చదివి కొనండి, ముందు బొమ్మ చూసి కాదు. క్రియాటిన్ అని కండకి జోరు పనిలో శక్తినిచ్చే పొడి ఒకటి అమ్ముతారు, రోజుకి మూడు నుంచి ఐదు గ్రాములు, బరువులు ఎత్తేవాళ్ళకి కొంచెం అదనంగా కలిసొస్తుంది, కానీ కిడ్నీ బాగుందని తేలాకే, డాక్టర్‌కి చెప్పి. విటమిన్ డి, బి12 రెండూ ఒకసారి చూపించుకోండి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బి12 తగ్గుతుంది, తగ్గితే కాళ్ళు తూలతాయి, దాన్ని మనం కండ అనుకుంటాం.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి. షుగర్ ఉంది కాబట్టి రక్తంలో క్రియాటినిన్ (పైన చెప్పిన క్రియాటిన్ పొడి కాదు), మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి, కిడ్నీ ఎట్టా ఉందో వీటితో తెలుస్తుంది. కిడ్నీ దెబ్బతిని ఉంటే పైన చెప్పిన ప్రోటీన్ లెక్క మీకు వర్తించదు, ఎంత తినాలో కిడ్నీ డాక్టరే చెప్పాల. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో చేయించొద్దు, టిఫిన్ అయిన గంట గంటన్నరకి చేయించండి, షుగర్ పడిపోతే వేసుకోవడానికి జేబులో గ్లూకోజ్ గానీ చక్కెర గానీ ఉండాల. ఛాతీలో నొప్పి వచ్చేవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, కంటి వెనక రక్తం కారిందని చెప్పించుకున్నవాళ్ళు ముందు వాళ్ళ డాక్టర్‌ని అడగాల.

ఒక్క కాలే సన్నబడితే అది వయసు కాదు, నడుం దగ్గర నరం నొక్కుకుందేమో చూడాల. రెండు మూడు నెలల్లోనే గబగబా తగ్గినా, బరువు కూడా పడిపోయినా, సాయంత్రం జ్వరం వస్తా ఉన్నా థైరాయిడ్, టీబీ, ఇంకా పెద్దవి కూడా లేవని ముందు పరీక్షలతో తేల్చుకోవాల, బియ్యం బ్యాగు ఆ తర్వాత. కొలెస్ట్రాల్ మాత్రల వల్ల కొంతమందికి కండలు నొప్పులొస్తాయి, అనుమానం ఉంటే డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా ఆపబాకండి, అది గుండెని కాపాడే మాత్ర.

ఇంకొకటి, ఇది చాలామంది చెప్పరు. పల్లెల్లో మోకాళ్ళ నొప్పులకి ఎవరో ఇచ్చే పొట్లాలు, పేరు లేని చిన్న తెల్ల మాత్రలు ఏళ్ళకేళ్ళు వేసుకుంటా ఉంటారు, వేసుకున్న గంటకే నొప్పి మాయం. అందులో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. అది తొడల కండనీ భుజాల కండనీ తినేస్తుంది, పొట్ట, మొహం మాత్రం ఉబ్బుతాయి. మీ నాయన అట్టాంటివి ఏమన్నా వాడారేమో అడగండి, వాడుతుంటే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చేత నిదానంగా తగ్గించుకోవాల. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్ళయితే నేను ముందు మెడ వంచమంటా, నడుం వంచమంటా. అక్కడి బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, ఎముకలు బిగుసుకుపోయి వంగలేకపోతారు, వాళ్ళకి కింద నుంచి లేవలేకపోవడం కండ వల్లా, కీలు వల్లా అనేది విడదీసి చూడాల, నీళ్ళు మార్చకుండా నేనెంత చేయించినా సగమే వస్తుంది.

మంచం గురించి చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళని పది రోజులు ఊరికే మంచం మీద పడుకోబెట్టారు, ఒక్కొక్కరికి కాళ్ళల్లోంచే దాదాపు కిలో కండ పోయింది. నేను దీన్ని చదివి కూడా ఇంట్లో మర్చిపోయా. 2021లో మా నాయనకి కరోనా వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, అప్పుడు 74. అక్కడ లేవనియ్యలా, నేనూ అడగలా, ఆక్సిజన్ లెక్క చూసుకోవడంలోనే ఉన్నాం. ఇంటికొచ్చిన రోజు బాత్రూంలోంచి పిలుపు, కమోడ్ మీంచి లేవలేకపోతున్నాడు. నేను లోపలికి పోయి చంకల కింద చేతులేసి లేపుతుంటే లుంగీ పక్కకి పోయి తొడ కనబడింది, చర్మం మడత పడి ఖాళీ సంచి లాగా వేలాడతా ఉంది. ఆరేళ్ళ ముందు దాకా మిద్దె మీదకి నీళ్ళ బిందె మోసిన మనిషి. ఐదు నెలలు పట్టింది మళ్ళీ చేతులు వాడకుండా లేవడానికి. కాబట్టి రేపు మీ ఇంట్లో ఎవరికన్నా జ్వరమొచ్చి ఆసుపత్రిలో పెడితే, డాక్టర్ వద్దు అంటే తప్ప రెండో రోజు నుంచే మంచం అంచున కూర్చోబెట్టండి, పూటకి నాలుగుసార్లు లేపి నిలబెట్టండి. చుట్టాలు చూడ్డానికొచ్చి "రెస్టు తీసుకో పెద్దాయనా" అంటారు, అననియ్యండి.

ఎన్నాళ్ళకి తేడా తెలుస్తుంది అంటే, మూడు నాలుగు వారాలకి లేవడం తేలికవుతుంది. అది కండ కాదు, నరాలు పాత దారి వెతుక్కోవడం. టేపు పెట్టి కొలిస్తే ఏమీ పెరగదు, అప్పుడే చాలామంది నిరుత్సాహపడి ఆపేస్తారు. కండ సైజులో తేడా రావడానికి మూడు నెలలు, ఒక్కోసారి నాలుగు. తూకం మిషన్ చూడబాకండి, పొట్ట తగ్గి కండ పెరిగితే తూకం కదలదు. కుర్చీ సెకన్లు మాత్రం క్యాలెండర్ మీద నెలకోసారి రాయండి. ఆపేస్తే మళ్ళీ పోతుంది, నెలన్నర రెండు నెలల్లోనే మెత్తబడుతుంది, అయితే నిలబెట్టుకోవడానికి వారానికి రెండు రోజులు చేసినా చాలు.

జిమ్‌కి పంపొచ్చా అని మీరు అడగలా గానీ అడుగుతారు. పంపొచ్చు, కూర్చుని కాళ్ళతో బరువు నెట్టే లెగ్ ప్రెస్ మిషన్ ఇంటి కుర్చీ కంటే మంచిదే, కాకపోతే అక్కడి కుర్రోళ్ళు పెద్దవాళ్ళని చూసి సైకిల్ మీద కూర్చోబెట్టి వదిలేస్తారు, పక్కన నిలబడి చూపించేవాళ్ళుంటేనే పంపండి.

మీ నాయనకి టీచర్ అలవాటు ఉంటది కాబట్టి ఒక నోట్‌బుక్ ఇచ్చి ఆయన చేతే రాయించండి, ఎన్ని దిండ్లు, ఎన్నిసార్లు, ఎన్ని కిలోలు. రేపు పొద్దున ఐదుసార్లు లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, పిక్క కొలత ఎంతో, ఏ మాత్రలు వాడతారో, మోకాలికి ఎప్పుడన్నా ఆపరేషన్ అయిందా అనేది ఇక్కడే కింద రాయండి, ఎన్ని దిండ్లతో మొదలుపెట్టాలో దాన్ని బట్టి చెప్తా. ఆదివారం మధ్యాహ్నం చూస్తా, వారంలో క్లినిక్ అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది.